పెళ్లి గ్రూపు ఫొటోలకు ఐదేళ్లుగా వాడుతున్న 200 వాట్-సెకన్ల ఫ్లాష్

పెళ్లిలో బంధువులందరినీ వరసగా నిలబెట్టి తీసే ఫొటోలకు ఎవరూ తీరిగ్గా టైమ్ ఇవ్వరు. మహా అయితే అరగంట దొరుకుతుంది. అందులోనే పదిహేను, ఇరవై గ్రూపులు అయిపోవాలి. పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడలేరు, పిల్లలు కుదురుగా ఉండరు. అందుకే లైటు విషయంలో నేను మొదట చూసేది దాని పవర్ కాదు. అది జనాన్ని ఎంతసేపు నిలబెడుతుందో చూస్తాను.

ఒకప్పుడు కెమెరా మీద పెట్టే చిన్న స్పీడ్‌లైట్‌నే స్టాండ్‌కు బిగించి, ముందు వెలుగును పరిచే గొడుగు పెట్టి నెట్టుకొచ్చేవాడిని. లోపల నాలుగు డబుల్ ఏ సెల్స్. ఫుల్ పవర్‌లో వరసగా మూడు ఫొటోలు తీస్తే, నాలుగోదానికి ఛార్జ్ అయ్యేసరికి ఐదారు సెకన్లు పట్టేది. ఒక పెళ్లిలో పద్దెనిమిది మంది ఉన్న కుటుంబాన్ని ఆరు ఫ్రేములు తీశాను. అందరి కళ్లూ తెరిచి ఉన్నది ఒక్క ఫ్రేములోనే. ఆ ఫ్రేములోనే ఫ్లాష్ వెలగలేదు. రా ఫైల్‌ను (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫొటో) మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) పైకి లేపి, నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గించి ఇచ్చాను. ఆ పద్దెనిమిది మందీ మళ్లీ ఒకచోట చేరలేదని ఆ ఇంటివాళ్లే తర్వాత చెప్పారు. ఆ మాట విన్నాక స్పీడ్‌లైట్‌ను గ్రూపులకు వాడటం మానేసి, రెండు 200 వాట్-సెకన్ల (ఒక్క మెరుపులో వాడే శక్తికి కొలత) బ్యాటరీ స్ట్రోబ్‌లు, అంటే బ్యాటరీతో నడిచే పెద్ద ఫ్లాష్‌లు, కొన్నాను.

ఇటుక కంటే చిన్న సైజు. తల ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చు. వెలుగు స్పీడ్‌లైట్ కంటే సుమారు స్టాప్‌న్నర ఎక్కువ. ఆ తేడా కన్నా నాకు ఉపయోగపడింది ఛార్జ్ అయ్యే వేగం. ఫుల్ పవర్‌లో రెండు సెకన్లు, సగం పవర్‌లో సుమారు ఒక సెకను. లోపలి హాల్లో కెమెరాలో ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 400, ఎఫ్/7.1 (లెన్స్ రంధ్రం సైజు) పెట్టుకుని, గొడుగును నాలుగు మీటర్ల దూరంలో ఉంచితే సగం పవర్ సరిపోతోంది. రెండు వరసలకూ ఫోకస్ అందుతుంది. ఒక్కో గ్రూపుకు ఐదు ఫ్రేములు గబగబా తీయగలుగుతున్నాను. ఎవరో ఒకరు కళ్లు మూసేస్తారు కాబట్టి ఐదు తప్పనిసరి.

లైటు ఎక్కడ పెట్టాలో నేర్చుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది. అందంగా ఉంటుందని మొదట్లో పక్క నుంచి వేసేవాడిని. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ చివర నిలబడ్డ మనిషి లైటుకు రెండు మీటర్లలో, ఆ చివరి మనిషి నాలుగు మీటర్లలో ఉంటే ఇద్దరి మధ్య రెండు స్టాప్‌ల తేడా వస్తుంది. ఒకరి ముఖం తెల్లగా వెలిసిపోతుంది, ఇంకొకరు చీకట్లో మిగిలిపోతారు. పైగా ముందు మనిషి నీడ పక్కవాళ్ల చెంప మీద పడుతుంది. ఇప్పుడు రెండు స్టాండ్‌లూ కెమెరాకు ఆనుకున్నట్టే చెరోవైపు ఉంచుతాను, రెండున్నర మీటర్ల ఎత్తున. కళ్లద్దాల్లో మెరుపు కూడా చాలావరకు ఆ ఎత్తుతోనే పోతుంది. వధూవరులిద్దరినే తీసేటప్పుడు ఒక లైటు ఆపేసి, రెండోదాన్ని వెలుగును మెత్తబరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్‌లో పెట్టి బాగా దగ్గరికి జరుపుతాను. ముఖం మీద ఆ మెత్తదనం చిన్న ఫ్లాష్‌తో నాకెప్పుడూ రాలేదు.

గ్రూపులకు టీటీఎల్, అంటే ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే లెక్కేసుకునే పద్ధతి, వద్దని గట్టిగా చెబుతాను. ముందు వరసలో తెల్లబట్టలు ఎక్కువుంటే ఫొటో నల్లబడుతుంది, ముదురు రంగులు ఎక్కువుంటే ముఖాలు వెలిసిపోతాయి. మాన్యువల్‌లో ఒకసారి సెట్ చేస్తే ఇరవై గ్రూపులూ ఒకే వెలుగులో వస్తాయి, ఎడిటింగ్ ఒక్క పూటలో అయిపోతుంది. హాల్లో పసుపు బల్బులుంటే ఫ్లాష్ ముందు ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ పొర) అంటించి, కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను 3200 కెల్విన్ దగ్గర పెడతాను. లేకపోతే మనుషులు ఒక రంగులో, వెనక గోడ ఇంకో రంగులో కనిపిస్తాయి.

ఇక లోటుపాట్లు. మధ్యాహ్నం ఎండలో పెద్ద గ్రూపుకు ఈ 200 చాలదు. హై స్పీడ్ సింక్ (బాగా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ పనిచేసే పద్ధతి) పెడితే ఉన్న పవర్‌లో చాలా భాగం అందులోనే పోతుంది. లెన్స్‌కు వెలుగును తగ్గించే ఎన్డీ ఫిల్టర్ పెట్టి, షట్టర్‌ను 1/200లోనే ఉంచితే ఇద్దరి వరకు ఫర్వాలేదు. పది మందైతే నీడలోకి తీసుకెళ్లడమే మంచిది. రెండు లైట్లనూ ఒకే గొడుగులో పెట్టినా పెరిగేది ఒక్క స్టాపే. ఒకసారి 600ది అద్దెకు తెచ్చి చూశాను. ఎండలో బ్రహ్మాండంగా పనిచేసింది కానీ, అంత బరువు స్టాండ్ పైన పెట్టి పిల్లల మధ్య అటూ ఇటూ జరపాలంటే నాకు ఒకటే టెన్షన్. తిరిగి ఇచ్చేశాను. 200ది కూడా గాలికి ఒకసారి గొడుగుతో సహా పడిపోయింది. బయటికి కనిపించే బల్బు పగిలింది. అదృష్టం కొద్దీ దగ్గర్లో ఎవరూ లేరు. అప్పటి నుంచి ఆరుబయట ఇసుక సంచి లేకుండా స్టాండ్ లేపను. స్పేర్ బల్బు ఒకటి సంచిలో ఉంటుంది.

ఎల్ఈడీ లైట్లూ ప్రయత్నించాను. వెలుగు ముందే కంటికి కనిపించడం, వీడియో వాళ్లకూ పనికిరావడం వాటి గొప్ప. కానీ గ్రూపుకు కావలసినంత వెలుగు రావాలంటే బాగా పెంచాలి, అప్పుడు ముందు వరసలో పెద్దవాళ్లు కళ్లు చికిలించుకుంటారు. అది చూశాక నిలబెట్టి తీసే ఫొటోలకు వాటిని వాడటం లేదు.

బ్యాటరీల గురించి ఒక మాట. కొత్తలో ఒక ఛార్జ్‌కు ఫుల్ పవర్‌లో 500 ఫ్లాష్‌ల దాకా వచ్చేవి, ఇప్పుడు 350 దగ్గరే ఎర్ర గుర్తు కనిపిస్తోంది. ఒక్కోటి సుమారు 42 వాట్-అవర్లు. విమానంలో అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగే 100 వాట్-అవర్ల పరిమితికి లోపే, అయితే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. కొత్తగా కొనేవాళ్లు లైటుకు రెండు చొప్పున బ్యాటరీలు తీసుకోండి. కెమెరా మీద ఉండి ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గర్‌లో వేసే సెల్స్ కూడా పెళ్లి ముందురోజు రాత్రే మార్చేయండి. ఈ ఐదేళ్లలో నన్ను అందరి ముందూ ఆపేసినవి ఎక్కువసార్లు ఆ రెండు సెల్సే.