గోడ మీద పిల్లికి ఏ లెక్క మేలు?

ఏ జెండా మోయనివాళ్లను గోడ మీద పిల్లులు అనేస్తారు. పిల్లికి కనీసం ఎటు దూకితే లాభమో తెలుసు. తటస్థ ఓటరుకు ఇటు సగం నచ్చుతుంది, అటు సగం నచ్చుతుంది, పోలింగ్ రోజు దాకా అదే టెన్షన్. చివరికి ఎలా తేల్చుకుంటారని చూస్తే నాకు మూడు లెక్కలు కనిపిస్తాయి.

ఒకటి, మన అభిప్రాయాలకు ఎవరు దగ్గరో చూసి వేయడం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇద్దరే గట్టి పోటీలో ఉంటే, మధ్యలో ఉన్న ఓట్ల కోసం ఇద్దరూ మధ్యకే జరుగుతారని ఆర్థికవేత్త ఆంథోనీ డౌన్స్ 1957లోనే వివరించాడు. అప్పుడు రెండు మేనిఫెస్టోలూ పక్కపక్కన పెట్టుకుని చదివినా తేడా దొరకదు. మనం కొలిచే రోజుకి వాళ్లు తయారై వస్తారు మరి.

రెండోది, చేసిన పని చూసి వేయడం. 1980 అక్టోబర్ 28న అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్‌తో జరిగిన టీవీ చర్చ చివర్లో, ఆయన మీద పోటీ చేస్తున్న రేగన్ చూస్తున్నవాళ్లనే సూటిగా అడిగాడు: నాలుగేళ్ల కిందటికంటే మీ పరిస్థితి బాగుందా? దుకాణాల్లో వస్తువులు కొనడం అప్పటికంటే తేలికైందా? వారం తిరిగేసరికి 50లో 44 రాష్ట్రాలు ఆయనవే. ఆ ఒక్క ప్రశ్నకే గెలిచాడని అనను గానీ, సిద్ధాంతాల జోలికి పోనివాళ్లు కూడా జవాబు చెప్పుకోగల ప్రశ్న అది. మాట మార్చొచ్చు, గడిచిన నాలుగేళ్లను మార్చలేరు. అయితే 1979 ఇరాన్ విప్లవంతో చమురు ధర ఎగబాకితే ఆ పాపమంతా కార్టర్‌దేనా? అందుకే ఏం జరిగిందన్నది కాదు, జరిగినప్పుడు ఆయన ఏం చేశాడన్నది చూడాలి.

మూడోది, రాకూడనివాణ్ణి ఆపడానికి వేయడం. ఇది ఎన్నిక పద్ధతిని బట్టి ఉంటుంది. ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ రెండో రౌండ్ పెడతారు. 2002లో అక్కడ వామపక్ష ఓటు చీలిపోయి, రెండు లక్షల లోపు ఓట్ల తేడాతో సోషలిస్టు ప్రధాని జోస్పాన్ మొదటి రౌండ్‌లోనే పోయాడు, తీవ్ర మితవాది లె పెన్ రెండో రౌండ్‌కు వచ్చాడు. అప్పుడు వామపక్షం వాళ్లు కూడా ముక్కు మూసుకుని మితవాద అధ్యక్షుడు షిరాక్‌కు వేశారు. మొదట 20 శాతం కూడా రాని ఆయనకు 82 శాతం వచ్చింది! ఒకే రౌండ్ ఉన్నచోట అలా సర్దుకునే అవకాశం లేదు. అమెరికాలో అదే 1980 ఎన్నికలో ఇండిపెండెంట్‌గా నిలబడ్డ మధ్యేవాది జాన్ ఆండర్సన్‌కు 6.6 శాతం ఓట్లు పడ్డాయి, రాష్ట్రాల వారీగా లెక్కేసి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. పైగా భయంతో వేసిన ఓటును కూడా గెలిచినవాడు తన మీద అభిమానం కిందే జమ కట్టుకుంటాడు.

నా వరకు పనితీరుదే మొదటి మార్కు. ఇద్దరూ కొత్తవాళ్లయితే దగ్గరితనం చూస్తాను, అదీ ఎన్నికల ముందు అన్న మాటలు కాదు, రెండేళ్ల కిందట అన్నవి. ఆపడానికి వేసే ఓటు మాత్రం, అవతలివాడు వస్తే మళ్లీ సరిగ్గా ఎన్నికలు జరుగుతాయా అన్న అనుమానం ఉన్నప్పుడే.