స్విఫ్ట్‌కి 16 ఇంచుల అలాయ్ మీద 195 టైరా, 205 టైరా?

అనంతపురంలో అలాయ్స్ వేయించేవాళ్లు డిజైన్ చూస్తారు, రేటు చూస్తారు, రిమ్ వెడల్పు మాత్రం అడగరన్నా, అసలు సంగతంతా అక్కడే ఉంది. రిమ్ మీద 16x7 అని ఉంటే ఆ 7 ముందు చూడండి, ఇంచుల్లో రిమ్ వెడల్పు అదే.

15 ఇంచుల స్విఫ్ట్‌కి కంపెనీ టైరు 185/65 (185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 65 అంటే సైడ్‌వాల్, అదే టైరు పక్క గోడ, ఆ వెడల్పులో ఎంత శాతమో), మొత్తం టైరు ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. 16లో 195/55 వేస్తే ఎత్తు దాదాపు అంతే, స్పీడోమీటర్ మారదు, స్టీరింగ్ తేలిగ్గానే ఉంటుంది. కానీ ఈ టైరుకి సరైన రిమ్ 6 ఇంచులు, 7 అంటే ఆఖరి హద్దు, పక్కలకి సాగినట్టు కూర్చుని రిమ్ అంచు బయటపడుతుంది, ఊర్లో గుంతలో దిగితే దెబ్బ నేరుగా అలాయ్‌కే.

205/55 అదే 7 మీద ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది, సైడ్‌వాల్ కూడా ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువే, మామూలుగా వచ్చే లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే నంబరు) 91, 195కైతే 87. చిక్కు ఏందంటే ఎత్తు 632 అవుతుంది, మీటర్ మీద 100 ఉంటే కంపెనీ టైరుతో పోయేదానికన్నా ఇంకో కిలోమీటరున్నర పైనే పోతుంటారు, పికప్, మైలేజీ కొంచెం పడతాయి, ఆఫ్‌సెట్ (రిమ్ ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో ఆ కొలత) సరిగా లేకపోతే స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు లైనర్‌కి, అంటే చక్రం పైనుండే లోపలి ప్లాస్టిక్ కవర్‌కి, రాసుకుంటుంది.

ఇంకా కొనకపోతే 6 ఇంచుల రిమ్ తీసుకుని 195 వేయండి, నా ఓటు దానికే. 7 కొనేసుంటే 205 వేయండి, కానీ డబ్బులిచ్చే ముందు నలుగుర్ని ఎక్కించి స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి, టైరుకీ లైనర్‌కీ మధ్య వేళ్లు దూరుతున్నాయో లేదో చూడండి.