పది గీతల పరావలయం: డయోడ్ ఫంక్షన్ జనరేటర్‌తో నాలుగేళ్లు

అంకెలకు బదులు వోల్టేజీలతో లెక్కలు చేసే నా అనలాగ్ కంప్యూటర్‌కు నేనే అమర్చుకున్న పది ఖండాల డయోడ్ ఫంక్షన్ జనరేటర్‌ను నాలుగేళ్లుగా వాడుతున్నాను. 0 నుంచి 10 వోల్టుల లోపు ఏది ఇచ్చినా దాని వర్గంలో పదో వంతును బయటికి ఇవ్వడమే దాని పని. ఇన్నాళ్ల తర్వాత కూడా నన్ను మురిపిస్తున్నది అందులోని డయోడ్లు మెల్లగా తెరుచుకునే తీరు.

వోల్టుకొక మలుపు పెట్టి, ఒక్కో మలుపు దగ్గర ఒక్కో డయోడ్ తెరుచుకుని వాలు మార్చేలా పరావలయాన్ని సరళరేఖలతో కట్టినప్పుడు, రెండు మలుపులకు సరిగ్గా మధ్యన రేఖ అసలు వక్రం కంటే 25 మిల్లీవోల్టులు ఎత్తున ఉండాలి. 6.5 వోల్టులకు రావలసింది 4.225, 6కూ 7కూ మధ్య గీసిన రేఖ ఇచ్చేది 4.250. మలుపులను, వాలులను సరిచేసే పొటెన్షియోమీటర్లన్నీ (తిప్పి అమర్చే నిరోధాలు) సరిచేసి ముగించిన రాత్రి మీటరు పెట్టి చూస్తే 4.238 కనిపించింది. కొలవడంలో పొరపాటేమోనని మిగతా ఖండాల మధ్య బిందువులను కూడా కొలిచాను. దాదాపు అన్నిచోట్లా దోషం లెక్కకు వచ్చినదానిలో సగమే ఉంది. సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దగ్గర స్విచ్‌లా ఒక్కసారిగా తెరుచుకోదు. అంతకు ముందే మైక్రోఆంపియర్ల లెక్కన కరెంటును పోనిస్తూ క్రమంగా తెరుచుకుంటుంది. అందువల్ల మలుపులోని మూల గుండ్రబడి, గీతల వరుస వక్రానికి దానంతటదే దగ్గరవుతుంది. ఆసిల్లోస్కోపు తెర మీద ఆ పరావలయాన్ని ఎంత పరీక్షగా చూసినా గీత ఎక్కడ విరిగిందో కంటికి అందదు.

ఆ సంతోషంలో, ఒకసారి సరిచేస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదని మొదటి ఏడాది మిత్రులకు చెప్పాను. ఆ మాటను ఇప్పుడు సవరించుకోవాలి.

రెండో ఏడాది మే నెలలో, వేగం వర్గంతో పెరిగే గాలి నిరోధాన్ని ఎదుర్కొంటూ పడే వస్తువు వేగపు సమీకరణాన్ని ఈ జనరేటర్‌తో సాధిస్తున్నాను. వేగం 7.00 వోల్టుల దగ్గర స్థిరపడాలి, 6.96 దగ్గరే ఆగిపోయింది. సమాకలనం చేసే భాగమైన ఇంటిగ్రేటర్‌ను అనుమానించి దానిలోని ఆప్ ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) మార్చాను, కెపాసిటర్ మార్చాను, రెండు రోజులు పోయాయి. మూడో రోజు తెల్లవారుజామున నిద్రపట్టక లేచి అదే సమస్యను నడిపితే 6.99 వచ్చింది, మధ్యాహ్నానికి మళ్లీ 6.96కి దిగింది. అప్పుడు వేడి సోల్డరింగ్ ఐరన్ మొనను ఒక డయోడ్‌కు తాకించకుండా దగ్గరగా పట్టుకున్నాను; మీటరులో చివరి అంకె వెంటనే కదిలింది.

డయోడ్ మీద పడే వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. నేను మలుపులు సరిచేసింది జనవరిలో, 24 డిగ్రీల దగ్గర. డాబా మీది నా రేకుల గదిలో మే మధ్యాహ్నం 42 ఉంటుంది. ఒక్కో డయోడ్ 36 మిల్లీవోల్టులు ముందుగా తెరుచుకుంటే, తెరుచుకున్న ప్రతి ఖండం తన వంతు దోషాన్ని కలుపుతూ పోయి, 10 వోల్టుల కొసకు చేరేసరికి అది దాదాపు 0.07 వోల్టు అవుతుంది. వాక్యూమ్ ట్యూబులతో నడిచిన పేస్ 231ఆర్ వంటి అనలాగ్ కంప్యూటర్లలో పూర్తి స్కేలు 100 వోల్టులు కనుక డయోడ్లలో ఇదే మార్పు అక్కడ పదో వంతు బాధే పెట్టేది.

తర్వాత డయోడ్లన్నిటినీ ఒకే అల్యూమినియం పట్టీకి అంటించి, వాటి పక్కనే మరో డయోడ్ పెట్టి, దాని మీది వోల్టేజితో, మలుపుల స్థానాలను నిర్ణయించే రిఫరెన్స్ వోల్టేజిని సవరించాను. దోషం చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, ఎందుకంటే అన్ని డయోడ్లలోనూ ఒకే కరెంటు పారదు. మళ్లీ సరిచేయడమూ తేలిక కాదు. సున్నా నుంచి పైకి వరుసగా రావాలి, మూడో మలుపును కదిపితే ఆ పైవన్నీ కదులుతాయి.

వర్గం ఒక్కటే కావలసినవారికి ఏడీ633 గుణకార చిప్ సరిపోవచ్చు. అది ఇదే పదో వంతును నేరుగా ఇస్తుంది. సూత్రానికి లొంగని వక్రం, ఉదాహరణకు కొలిచి తెచ్చిన పంపు పనితీరు, కావాలంటే మాత్రం నేను డయోడ్ల వైపే మొగ్గుతాను. ఏసీ గదిలో పనిచేసేవారికి నా ఫిర్యాదు వర్తించకపోవచ్చు. నేను మాత్రం మే మొదటి వారంలో ఒకసారి, నవంబరులో ఒకసారి మలుపులు సరిచేస్తున్నాను, ఎండాకాలం కొలతలను ఉదయం 8 గంటల లోపే ముగిస్తున్నాను.