సైకిల్ చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం? పట్టిక, స్కేలు, చాక్‌పీసు: ఏది మేలు?

సైకిల్‌కి చిన్న డిజిటల్ మీటరు బిగించగానే, చక్రం చుట్టుకొలత ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతుంది. నిజానికి దానికి దూరం కొలవడం రాదు. స్పోకుకు తగిలించిన అయస్కాంతం సెన్సర్‌ను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టి, మనమిచ్చిన చుట్టుకొలతతో గుణిస్తుంది, అంతే. అందుకే ఆ ఒక్క అంకె మీద నాకింత పట్టింపు.

అన్నిటికన్నా తేలిక టైరు సైజుల పట్టిక చూసి వేసేయడం. నా టైరు మీద 700×28 అని ఉంది (28 అంటే మి.మీ.లలో టైరు వెడల్పు), పట్టికలో దానికెదురుగా 2136. అర నిమిషం పని. కానీ ఆ అంకె నా టైరును చూసి వేసింది కాదు. కంపెనీ మారితే అదే 28 టైరు కాస్త లావుగానో సన్నగానో ఉంటుంది.

బడిలో నేర్చుకున్నట్టు వ్యాసం కొలిచి 3.1416తో గుణించడం ఇంకో దారి. నాకు 675 మి.మీ. వచ్చింది, అంటే చుట్టుకొలత 2121. కానీ మధ్యలో ఇరుసు అడ్డం వస్తుంది, స్కేలు సరిగా ఆనదు. వ్యాసంలో 5 మి.మీ. తేడా పడితే చుట్టుకొలతలో అది దాదాపు 16 అవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మనం కొలిచేది ఖాళీ సైకిల్‌ని. మనిషి ఎక్కాక టైరు నేలకు ఆనిన చోట అణుగుతుంది, దొర్లే వ్యాసార్థం తగ్గుతుంది.

నేను నమ్మేది చాక్‌పీసునే. టైర్లలో ఎప్పుడూ పెట్టే గాలే పెట్టి, ముందు చక్రం వాల్వ్ సరిగ్గా కిందికి వచ్చేలా నిలబెట్టి, నేల మీద గీత గీశాను. సీటు మీద కూర్చుని, పక్కన ఒకరు పట్టుకుని నడుస్తుంటే, వాల్వ్ పదోసారి కిందికి వచ్చేదాకా తిన్నగా ముందుకు దొర్లించి ఇంకో గీత. టేపు పెడితే 21.08 మీటర్లు. పదితో భాగిస్తే 2108 మి.మీ. గీత గీయడంలో సెంటీమీటరు తప్పు జరిగినా, ఒక చుట్టుకు వచ్చేది 1 మి.మీ.యే. ఒక్క చుట్టుతో ఆపకుండా పది దొర్లించింది అందుకే.

పట్టికకూ దీనికీ తేడా 28 మి.మీ. చూడ్డానికి చిన్నదే, కానీ 100 కిలోమీటర్లు తొక్కితే మీటరు 101.3 చూపిస్తుంది.

పిల్లలకు లెక్క చెప్పేటప్పుడు కోణాన్ని డిగ్రీల్లో చెప్పాలా, రేడియన్లలోనా (చక్రం అంచు వ్యాసార్థమంత దూరం తిరిగితే ఆ కోణం ఒక రేడియన్) అన్న ప్రశ్నా ఇక్కడే వస్తుంది. చుట్టుకొలత చేతిలో ఉంటే డిగ్రీలే హాయి: 90 డిగ్రీలు తిరిగితే పావు చుట్టు, అంటే 527 మి.మీ. వ్యాసార్థంతో పని చేసేటప్పుడు మాత్రం రేడియన్‌కు సాటి లేదు. పూర్తి చుట్టుకు 6.2832 రేడియన్లు, కాబట్టి 2108ని దానితో భాగిస్తే వ్యాసార్థం 335.5 మి.మీ. చక్రం ఒక రేడియన్ తిరిగితే సైకిల్ కదిలేది సరిగ్గా అంతే. కోణాన్ని వ్యాసార్థంతో గుణిస్తే దూరం వచ్చేస్తుంది, మధ్యలో 360 ఊసే ఉండదు. అయితే చక్రం జారకుండా దొర్లాలి. బురదలో వెనక చక్రం గిర్రున తిరుగుతుంటే ఏ లెక్కా పని చేయదు.

ఒక్కటి మరిచిపోకండి: సెన్సర్ ఏ చక్రానికి ఉంటే దాన్నే కొలవాలి. బరువు ఎక్కువ వెనక పడుతుంది కాబట్టి, రెండు చక్రాలకూ ఒకే రకం టైరున్నా వెనకది ఇంకాస్త ఎక్కువ అణుగుతుంది.