హైబ్రిడ్ కారులో యాంప్లిఫయర్‌కి కరెంటు: బ్యాటరీ నుంచా, జంప్ టెర్మినల్ నుంచా?

నా హైబ్రిడ్‌లో 12 వోల్టుల బ్యాటరీ డిక్కీలో ఉంది, బయటి బ్యాటరీ తగిలించే జంప్ టెర్మినల్ బానెట్ కింద. మొదట బిగించిన కుర్రాడు పని తేలికని జంప్ టెర్మినల్ నుంచే వైరు లాగాడు. బీచ్ రోడ్డులో సౌండ్ పెంచితే బేస్ కొట్టినప్పుడల్లా యాంప్ ఆగిపోయేది. ఆ టెర్మినల్ ఉన్నది అవసరానికి బండి లేపడానికి, రోజూ లోడు మోయడానికి కాదు. 500 వాట్ల క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ ఫుల్లుగా పాడితే 45 ఆంపియర్ల దాకా లాగుతుంది.

ఇప్పుడు నేరుగా బ్యాటరీ నుంచే. యాంప్ కూడా డిక్కీలోనే కాబట్టి వైరు మీటరు దాటలేదు. ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టించాను. ఇది మాత్రం ఎవరూ వదలొద్దు, షార్టయితే వైరే అంటుకుంటుంది. మన ఉప్పుగాలికి రాగికి చిలుము పట్టేస్తుంది, తగరం పూత ఉన్న వైరే అడగండి.

బ్యాటరీ దారిలోనూ ఒక చిక్కుంది. నా బండిలాంటి ఫుల్ హైబ్రిడ్‌లో, ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఉండదు. బండిని నడిపే పెద్ద బ్యాటరీ వోల్టేజీని కన్వర్టర్ 14 దాకా దించి దీన్ని చార్జ్ చేస్తుంది. అదీ బండి 'రెడీ'లో, అంటే స్టార్టయి కదలడానికి సిద్ధంగా ఉంటేనే. రుషికొండ దగ్గర ఆపి బండి స్టార్ట్ చేయకుండా ఉత్త యాక్సెసరీలో పాటలు వింటే చిన్న బ్యాటరీ దిగిపోతుంది, పెద్దది నిండుగా ఉన్నా బండి లేవదు.

నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం ఎవర్నీ వెళ్లనివ్వకండి. అవి ప్రాణం తీసే వోల్టేజీవి.