ఎనిమిది శనివారాల అపాలజెటిక్స్ క్లాసు: 1,200 రూపాయలకు ఏం దక్కింది

ఆఫీసులో పక్క సీటు అబ్బాయి టీ తాగుతూ "బైబిల్ నిజమని మీకెలా తెలుసు సార్?" అని అడిగాడు. "బైబిలే చెప్తోంది కదా" అన్నాను గానీ, ఆ జవాబుతో అతనికే కాదు, నాకూ తృప్తి కలగలేదు. ఆ రాత్రే జూమ్‌లో చెప్పే ఈ తెలుగు అపాలజెటిక్స్ కోర్సుకి, అంటే క్రైస్తవ విశ్వాసాన్ని కారణాలు చూపి సమర్థించడం నేర్పే క్లాసుకి, ఫీజు కట్టేశాను. పోయిన వారమే అయిపోయింది, చేరాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా.

ముందు నచ్చనిది చెప్పేస్తా. మొదటి రెండు క్లాసుల్లో స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే, పైగా దేవుడు ఉన్నాడని చూపడానికి క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ చెప్పిన ఐదు వాదనలు, అంటే 'ఐదు మార్గాలు', గంటన్నరలో పరుగో పరుగు. 13వ శతాబ్దంలోనే ఆయన ఒక గీత గీశాడు: దేవుడు ఉన్నాడన్నంత వరకు బుద్ధితో చేరుకోవచ్చు, ఆయన త్రియేకుడని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న ఒకే దేవుడని) మాత్రం ప్రత్యక్షత, అంటే దేవుడే తనను తాను తెలియజేసుకోవడం, లేకుండా ఎవరికీ తెలియదు. ఇది మొదటే చెప్తే ఆ ఐదు మార్గాలు ఎక్కడిదాకా తీసుకెళ్తాయో, ఎక్కడ ఆగిపోతాయో అర్థమయ్యేది. మేం అడిగితే గానీ ఆ మాట రాలేదు.

మూడో వారం 19వ కీర్తనతో క్లాసు దారిలో పడింది. మొదటి ఆరు వచనాలూ ఆకాశం, సూర్యుడు; ఏడో వచనం నుంచి ధర్మశాస్త్రం. సామాన్య ప్రత్యక్షత (సృష్టి ద్వారా), ప్రత్యేక ప్రత్యక్షత (వాక్యం ద్వారా) అని పెద్ద మాటలు వినడమే గానీ, రెండూ ఒకే కీర్తనలో పక్కపక్కనే ఉన్నాయని ఇన్నేళ్ళూ గమనించలేదు. 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ లేఖనాన్ని, దేవుణ్ణి మనకి స్పష్టంగా కనిపించేలా చేసే కళ్ళజోడుతో పోల్చాడని కూడా అప్పుడే చెప్పారు. మా నాన్న పేపర్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఇక లాభం లేక జోడు తెమ్మనేవారు, పెట్టుకోగానే గడగడా చదివేసేవారు. అక్షరాలు ముందునుంచీ ఉన్నవే.

ఈ కోర్సుకి ప్రాణం ఐదో క్లాసు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం, మూడు ఊళ్ళు. థెస్సలొనీకలో పౌలు సమాజమందిరంలో లేఖనాలు విప్పి మూడు విశ్రాంతి దినాలు తర్కిస్తాడు. బెరయవాళ్ళు ఆయన చెప్పింది నిజమో కాదో అని రోజూ లేఖనాలు పరిశోధిస్తారు. ఏథెన్స్‌లో మాత్రం లేఖనం ఒక్కటీ ఎత్తడు, "తెలియబడని దేవునికి" అన్న బలిపీఠం దగ్గర మొదలుపెట్టి వాళ్ళ కవుల మాటే వాళ్ళకి చెప్తాడు, అయినా చివరికి వచ్చి ఆగేది పునరుత్థానం దగ్గరే. అక్కడ కొందరు అపహాస్యం చేశారు, దియొనూసి, దమరి లాంటివాళ్ళు నమ్మారు. మనిషిని బట్టి మొదలుపెట్టే చోటు మారింది, సువార్త మారలేదు.

అదే రోజు ఒక పెద్దావిడ 1 పేతురు 3:15 చదువుతూ "హేతువు అడుగు ప్రతివానికిని" అన్న చోట ఆగి, "హేతువు అడగడం తప్పు కాదన్నమాట, బ్రదర్" అన్నారు. ఆ వెంటనే ఉన్నవి "సాత్వికముతోను భయముతోను". యూట్యూబ్ డిబేట్లలో అరుచుకునే మనవాళ్ళు ఆ రెండు మాటల్నీ వదిలేస్తున్నారని నాకు నిజంగా బాధ.

ఆరో వారం నా అసలు ప్రశ్న, బైబిల్ నిజమని ఎలా తెలుసు అన్నది, అడిగాను. "విశ్వాసంతో తీసుకోవాలి" అని దాటేశారు, ఇది పెద్ద లోటే. పరిశుద్ధాత్మ లోపల సాక్ష్యమిస్తేనే వాక్యం దేవునిదని మనసుకి రూఢి అవుతుంది, అది నేనూ నమ్ముతాను. కానీ పౌలు 1 కొరింథీయులు 15లో, లేచిన క్రీస్తుని ఐదు వందల మందికి పైగా ఒకేసారి చూశారనీ, వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారనీ రాశాడు. అంటే వెళ్ళి అడిగి చూసుకోండనేగా! బుద్ధికి అక్కడ పని ఉంది, సాక్ష్యాన్ని పరిశీలించే పని. ఈ మాట క్లాసులో రావాల్సింది.

సోమవారం టీ దగ్గర ఆ అబ్బాయికి ఆ అధ్యాయమే చూపించాను. నమ్మలేదు, కానీ పేజీ ఫోటో తీసుకున్నాడు.

ఐదుకి మూడున్నర ఇస్తా. రికార్డింగులు నెల రోజులు ఉంటాయి కాబట్టి మూడు, ఐదు క్లాసులు రెండోసారి వినండి. నిర్వాహకులకు ఒక్క మనవి: వచ్చే బ్యాచ్‌కైనా స్లైడ్లు తెలుగులో పెట్టండి, ఆ పెద్దావిడ ప్రతి వారం పక్కన మనవణ్ణి కూర్చోబెట్టుకుని చదివించుకున్నారు.