గిట్‌హబ్ యాక్షన్స్, బిల్డ్ క్యాష్, నెల్లూరు నెట్: బాగా వాడాక

రొయ్యల చెరువుల లెక్కలు చూసే ఆండ్రాయిడ్ యాప్ ఒకటి, దానికి నోడ్ సర్వర్ ఒకటి. కోడ్ నుంచి యాప్ తయారుచేసే పనిని (బిల్డ్) తనంతట నడిపే సేవ గిట్‌హబ్ యాక్షన్స్. నోడ్ బిల్డ్‌లు గిట్‌హబ్ మెషీన్లలో, ఆండ్రాయిడ్ బిల్డ్‌లు నెల్లూరు ఆఫీసులోని సెల్ఫ్ హోస్టెడ్ రన్నర్‌లో (బిల్డ్ నడిపే మన సొంత మెషీన్) నడుస్తాయి. ఈ పంపకం మార్చే ఉద్దేశం లేదు. కాకపోతే రెండుచోట్లా ఒకే క్యాష్ (మళ్లీ వాడుకోవడానికి దాచే ఫైళ్లు) సెట్టింగు పెడితే కుదరదు.

గిట్‌హబ్ మెషీన్ ప్రతిసారీ ఖాళీగా లేస్తుంది కాబట్టి అక్కడ ఫైళ్లను దాచి, తిరిగి దించే క్యాష్ యాక్షన్ అనే స్టెప్ తప్పదు. దాని మంచిచెడ్డలన్నీ కీ (దాచినదానికి పెట్టే పేరు) మీదే. కీలో ఓఎస్ పేరు, లాక్ ఫైలు (ప్యాకేజీల వెర్షన్ల జాబితా) హ్యాష్ (ఫైలు మారితే మారే గుర్తు) ఉండాలి. ఒకసారి సేవ్ అయిన కీలో సరుకు మళ్లీ మారదు. 'నోడ్-క్యాష్' అని మారని పేరు పెట్టారా, మొదట సేవ్ అయినదే దిగుతూ ఉంటుంది. లాగ్‌లో చూస్తే హిట్టే (కీ దొరికినట్టే)! రీస్టోర్ కీస్‌లో (అసలు కీ దొరకనప్పుడు వెతికే పేర్లు) హ్యాష్ లేని ముందుభాగం ఇస్తే, లాక్ ఫైలు మారినా పాత క్యాష్ దిగి, కొత్త ప్యాకేజీలు మాత్రమే నెట్ నుంచి వస్తాయి. ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ దాచడం దండగ, వాటిని ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎం సీఐ కమాండ్ ముందుగా దాన్నే చెరిపేస్తుంది. హోమ్‌లోని ఎన్‌పీఎం క్యాష్ ఫోల్డర్ దాచాలి.

ఒక బ్రాంచ్ (కోడ్‌లో విడి శాఖ) క్యాష్ పక్క బ్రాంచ్‌కి కనపడదు, మెయిన్ బ్రాంచ్‌ది అందరికీ కనపడుతుంది. కాబట్టి మెయిన్ మీద కూడా బిల్డ్ నడవాలి. ఏడు రోజులు ఎవరూ ముట్టని క్యాష్ పోతుంది. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి బిల్డ్ నత్తనడక నడిస్తే కంగారు పడొద్దు.

ఆఫీసు రన్నర్ 443 పోర్టులో తనే బయటికి కనెక్ట్ అవుతుంది, స్టాటిక్ ఐపీ అక్కర్లేదు. కానీ క్యాష్ యాక్షన్ ఇక్కడా ఉంచితే సరుకంతా గిట్‌హబ్ క్లౌడ్‌కి ఎక్కి దిగుతుంది. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉంటే 2 జీబీ ఎక్కడానికే 13 నిమిషాల పైమాట. పక్కనే డిస్కులో ఉన్నదాని కోసం ఇంత తిప్పలా! ఆ స్టెప్ తీసేసి, గ్రేడిల్ (ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్) తన ఫైళ్లు దాచుకునే యూజర్ హోమ్ ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ మీద వర్క్ ఫోల్డర్ బయట పెట్టాలి. లోపల పెడితే కోడ్ దించే చెకౌట్ యాక్షన్ చేసే గిట్ క్లీన్‌కి అదీ ఊడ్చుకుపోతుంది.

గ్రేడిల్ బిల్డ్ క్యాష్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ప్రాపర్టీస్ ఫైల్లో ఆన్ చేయాలి. టాస్క్ పేరు పక్కన 'ఫ్రమ్-క్యాష్' పడితే పనిచేస్తున్నట్టు. బిల్డ్ కాన్ఫిగ్‌లో (యాప్‌లోకి వెళ్లే సెట్టింగుల ఫైలు) టైమ్‌స్టాంప్ (బిల్డ్ చేసిన సమయం) ఉంటే దాన్ని వాడే కంపైల్ టాస్క్ ఎప్పుడూ మిస్సే (క్యాష్ నుంచి రాదు). దాన్ని రిలీజ్ బిల్డ్‌కే పరిమితం చేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల రోజుల్లో కరెంటును నమ్మలేం. గ్రేడిల్ రాస్తుండగా మెషీన్ ఆగితే క్యాష్ పాడైపోవచ్చు. డీమన్ (వెనక నడుస్తుండే గ్రేడిల్ ప్రాసెస్) ఆపి, క్యాషెస్ ఫోల్డర్ తుడిచేయడమే మందు. యూపీఎస్ మీద రూటర్ కూడా ఉండాలి. రన్నర్‌ను సర్వీసుగా ఇన్‌స్టాల్ చేయకపోతే రీబూట్ తర్వాత తనంతట లేవదు, 24 గంటలు క్యూలో ఉన్న జాబ్ రద్దవుతుంది.

పబ్లిక్ రిపోకి (అందరికీ కనిపించే కోడ్ భాండారం) మాత్రం ఆఫీసు రన్నర్ తగిలించొద్దు. ఫోర్క్ (బయటివాళ్లు తీసుకున్న కోడ్ కాపీ) నుంచి వచ్చిన పుల్ రిక్వెస్ట్ (మార్పు చేర్చమనే విన్నపం) ఆ మెషీన్ మీద ఏ కోడైనా నడిపేయగలదు.